స్టాంపు చట్టం (1765)

ఉత్తర అమెరికా వలసల ప్రజలపై బ్రిటిష్ పార్లమెంటు నేరుగా విధించిన మొదటి అంతర్గత పన్ను స్టాంపు చట్టంతో వచ్చింది. 1765 మార్చి 22న రాజు ఆమోదం పొందింది. అదే ఏడాది నవంబరు 1 నుంచి అమలు కావలసి ఉంది.

ఏడేళ్ల యుద్ధం (1756–63) ముగిసేసరికి బ్రిటన్ అప్పు దాదాపు రెట్టింపైంది. అమెరికాలో ఉంచే సైన్యం ఖర్చులో కొంతైనా అక్కడివాళ్లే భరించాలని ప్రధాని జార్జ్ గ్రెన్‌విల్ పట్టుబట్టాడు. దస్తావేజులు, లైసెన్సులు, వార్తాపత్రికలు, పంచాంగాలు, చివరికి పేకముక్కలు కూడా పన్ను కిందికి వచ్చాయి. పేక కట్టకు ఒక షిల్లింగు. మన రిజిస్ట్రేషన్లకు వాడే స్టాంపు కాగితానికి ఇది దగ్గరి చుట్టమే. లండన్‌లో ఉబ్బెత్తు ముద్ర కొట్టిన కాగితాన్ని ఓడల్లో పంపేవారు. ఎగవేసినవారిని జ్యూరీ లేని నౌకా న్యాయస్థానాల్లో విచారించే వీలూ కల్పించారు.

నిజానికి మొత్తం పెద్దదేం కాదు. ఇంగ్లండ్ ప్రజలు 1694 నుంచే ఇలాంటి సుంకం కడుతున్నారు. వలసవాసులూ తమ శాసనసభలు వేసిన పన్నులు చెల్లిస్తూనే ఉన్నారు. తాము ఒక్క సభ్యుణ్ణయినా ఎన్నుకోని సభ సముద్రానికి ఆవల కూర్చుని తమపై పన్ను వేయడమేమిటన్నదే అసలు గొడవ.

ఆగస్టు 14న బోస్టన్‌లో స్టాంపుల ఏజెంటు ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మను చెట్టుకు వేలాడదీశారు. ఆయన పదవి వదులుకున్నాడు. 26న గుంపు మసాచుసెట్స్ లెఫ్టినెంట్ గవర్నర్ థామస్ హచిన్సన్ ఇంటిని ధ్వంసం చేసింది. విచిత్రమేమిటంటే, ఆయనకూ ఈ చట్టం ఇష్టం లేదు. అక్టోబరులో తొమ్మిది వలసల ప్రతినిధులు న్యూయార్క్‌లో సమావేశమయ్యారు. ఆ నెల 31న ‘పెన్సిల్వేనియా జర్నల్’ తన మొదటి పేజీని సమాధి రాయిలా అచ్చువేసి, స్టాంపు ఉండవలసిన చోట పుర్రె బొమ్మ వేసింది.

బ్రిటిష్ సరుకుల బహిష్కరణతో దెబ్బతిన్న లండన్ వర్తకులే రద్దు కోరారు. 1766 మార్చి 18న చట్టం రద్దయింది. అయితే వలసలకు అన్ని విషయాల్లోనూ చట్టాలు చేసే అధికారం తనదేనని పార్లమెంటు అదే రోజు మరో చట్టంలో రాసుకుంది. ఆ పట్టుదలతోనే 1767లో గాజు, కాగితం, తేయాకు వంటి వాటిపై సుంకాలు వేసింది. 1770లో తేయాకు సుంకం తప్ప మిగిలినవి ఎత్తేశారు. ఆ మిగిలిన సుంకానికి నిరసనగానే 1773 డిసెంబరు 16న బోస్టన్ రేవులో 342 పెట్టెల ఈస్టిండియా కంపెనీ తేయాకు నీళ్లపాలైంది.

అమెరికా వలసల నుంచి ఆదాయం కోసం పన్నులు వేయబోమని పార్లమెంటు 1778లో చట్టం చేసింది. అప్పటికి ఆ వలసలు స్వాతంత్ర్యం ప్రకటించుకుని దాదాపు రెండేళ్లయింది.