పీర్-టు-పీర్ ఆట ప్రపంచాలు

వేలమంది ఒకేసారి ఆడే ఆన్‌లైన్ ఆటల్లో కేంద్ర సర్వర్ చేసే పనిని ఆటగాళ్ల యంత్రాలే పంచుకునే ఏర్పాటు. పరిశోధనలో బాగా నలిగిన విషయమే అయినా, వ్యాపార రంగంలో పూర్తి రూపంలో నిలదొక్కుకున్నవి అరుదు.

పుట్టుక విషయంలో ఏకాభిప్రాయం లేదు. 1973-74 ప్రాంతంలో నాసా ఏమ్స్ కేంద్రంలో రెండు కంప్యూటర్లను కలిపి ఆడిన ‘మేజ్ వార్’తో కొందరు మొదలుపెడతారు. ఇద్దరి ఆటను ప్రపంచం అనడం కష్టం. 1983లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా చేపట్టిన ట్యాంకు శిక్షణ వ్యవస్థ ‘సిమ్‌నెట్’ను మూలంగా తీసుకోవడమే సబబుగా తోస్తుంది. అందులో ప్రతి సిమ్యులేటర్ తన ట్యాంకు స్థితిని తానే ప్రకటించేది. తర్వాతి కబురు అందేదాకా మిగతావి వేగాన్నీ దిశనూ బట్టి ఆ ట్యాంకు ఎక్కడుందో లెక్కకట్టుకునేవి.

అందరూ అందరికీ కబురు పంపితే వెయ్యి మందికి 4,99,500 జతల సంబంధాలు కావాలి. ఏ ఇంటి కనెక్షనూ ఆ బరువు మోయలేదు. అందుకే ‘ఆసక్తి పరిధి’ అనే ఊహ వచ్చింది. హైదరాబాద్ పాతబస్తీలోని లాడ్ బజార్‌ను ఆటలో కట్టామనుకుందాం. చార్మినార్ కొసన గాజుల దుకాణం ముందు నిలబడ్డ పాత్రకు చుట్టుపక్కల నాలుగు దుకాణాల సంగతి తెలిస్తే చాలు. మహబూబ్ చౌక్ దగ్గర ఎవరు నడుస్తున్నారో అక్కర్లేదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ బృందం 2004లో ప్రకటించిన ‘సిమ్‌మడ్’ ప్రపంచాన్ని ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కో ప్రాంతానికి ఒక్కో యంత్రాన్ని సమన్వయకర్తగా పెట్టింది. దాన్ని 4,000 మంది ఆటగాళ్ల దాకా ప్రయోగాల్లో పరీక్షించారు. తైవాన్ పరిశోధకుల ‘వాన్’ పద్ధతిలో సమన్వయకర్త ఉండడు. ప్రతి యంత్రం తన పొరుగువారిని వొరొనాయ్ పటంగా (ఏ చోటు ఎవరికి అన్నిటికంటే దగ్గరో దాన్ని బట్టి విడగొట్టిన పటంగా) గీసుకుంటుంది, కొత్తగా పరిధిలోకి వచ్చేవారి సంగతి సరిహద్దు పొరుగువారు చెబుతారు. దీనికి 2006 అని రాయడం కద్దు. 2004 నెట్‌గేమ్స్ సదస్సు పత్రమే ముందుది.

ఈ పద్ధతులకు అసలు పరీక్ష జనసమ్మర్దం. రంజాన్ రాత్రి లాడ్ బజార్‌లో లాగా అందరూ ఒకే వీధిలోకి చేరితే పరిధి ఎంత కుదించినా లాభం లేదు. 2008 నాటి ‘డానీబ్రూక్’ అనే పరిశోధన వ్యవస్థ దీన్ని నేరుగా ఎదుర్కొంది: ఆటగాడి చూపు నిజంగా ఎవరి మీద ఉందో అంచనా వేసి, వారి కబుర్లు తరచుగా, మిగతావారివి అరుదుగా తెప్పించింది. ‘క్వేక్ 3’ ఆటను సవరించి 900 మంది వరకు చూపారు. ఈ వరుసలో అన్నిటికంటే గట్టి పని ఇదే.

మిగిలిన అడ్డంకులు తెలిసినవే. మొబైల్ కంపెనీలు ఎందరో చందాదారులను ఒకే బహిరంగ చిరునామా వెనక ఉంచడం వల్ల ఒకే గల్లీలోని రెండు ఫోన్లకు కూడా చాలాసార్లు మధ్యవర్తి సర్వర్ తప్పదు. పైగా ఆట లెక్క ఆటగాడి యంత్రంలోనే ఉంటే మోసం సులువు. సొమ్ము, ఆయుధాల లెక్కలను కంపెనీలు సర్వర్లలోనే ఉంచుకోవడానికి ప్రధాన కారణం ఇదేనని చెప్పవచ్చు. 2004లో వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ పీర్-టు-పీర్‌ను నవీకరణ ఫైళ్ల పంపిణీకి వాడింది గాని ఆటను సర్వర్లపైనే నడిపింది.

దూరం వల్ల వచ్చే ఆలస్యం పీర్-టు-పీర్ పక్షాన గట్టి వాదన. హైదరాబాద్ నుంచి సింగపూర్ సర్వర్‌కు దాదాపు 3,300 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి వేగంతోనే రానూపోనూ సుమారు 33 మిల్లీసెకన్లు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే క్లౌడ్ కేంద్రాలు తెరిచాక, ఇక్కడి ఆటగాళ్ల వరకు ఈ వాదన చాలావరకు బలహీనపడింది.