పుల్లరియు నాంబోతును

ఒంగోలు గిత్త పేరు వినని కర్షకుడు మన సంఘమున నుండడు. గుండ్లకమ్మ, మూసీ, పాలేరు నదీప్రాంతములం బుట్టి, రేగడి దున్నుటకును బరువుబండి లాగుటకును బేరొందిన యీ జాతి బ్రెజిలు దేశమునకుం బోయి, నెల్లూరి పేరిట 'నెలోరె' యని పిలువబడుచు, సంకరములతోగూడి యచ్చటి పశుసంపదలో నధికభాగమైనది. అచ్చట దానిం బెంచుట ప్రధానముగా మాంసమునకే యనుట దాచరాదు. అయినను విశాలమగు పచ్చికబీళ్లు దానికి లభించినవి. పుట్టినచోటనో?

ప్రభుత్వమువారు పశువులకై ధనము వెచ్చింపలేదని మేము చెప్పము. చింతలదేవి, లాం క్షేత్రములు ఒంగోలు జాతిని నిలిపినవి. 1940లో మద్రాసు ప్రభుత్వము పశువృద్ధి చట్టము చేసి, ఆంబోతునకు లైసెన్సు ఉండవలెననియు, తగని కోడెకు విత్తులు కొట్టింపవలెననియు శాసించినది. శ్రద్ధ యంతయు బీజముమీదనే. పుట్టిన దూడ యేమి మేయవలెనన్న ప్రశ్న వెనుకబడినది.

వెనుకబడుటయే కాదు, గడ్డికి వెల కట్టిరి. 1882 నాటి మద్రాసు అడవిచట్టముతో, తాతలనాటినుండి మందలు మేసిన అడవులు రిజర్వులైనవి. అందు మేపుటకు దలకింతయని పుల్లరి చెల్లింపవలసివచ్చెను. పల్నాటి రైతులు 1921లో దానిని నిరాకరించిరి. మించాలపాడువాసి కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తుపాకులకు బలియైనాడు. ఒక చేత నాంబోతు నిచ్చి, రెండవ చేత గడ్డి లాగికొన్న ప్రభుత్వ మది. ఆ వీరుని స్వరాజ్యయోధునిగా స్మరించు మనవారు, కలహము పశువుల మేతకై పుట్టెనన్నమాట తరచుగా మరతురు.

ఇందలి చిక్కును 1928లో రాయల్ వ్యవసాయ కమిషనువారు చక్కగా గుర్తించిరి. మేత చాలనియెడల ఎద్దు చిక్కును. చిక్కిన యెద్దు పని తీర్చలేదు గనుక రైతు మరియొక జతను గట్టును. ఉన్న కొలది గడ్డి మరింతమందికి బంచవలసివచ్చి, అన్నియు నర్ధాకలితో నుండును. మేలుజాతి విత్తనమొక్కటే యీ చుట్టును ద్రెంపజాలదు.

ఇక శాసనముల సంగతి. 1890 నాటి జంతుహింసా చట్టము బాటలపై గొట్టుటను, మితిమీరిన బరువు లాగించుటను శిక్షించెను. 1960 నాటి చట్టము ఒక యడుగు ముందునకు వేసి, చాలినంత మేతయు నీరును నీడయు నొసగని యజమానుడు హింసకుడే యనెను. న్యాయమే. కాని మేతభూమి నాక్రమించి పశువుల నాకలికి గురిచేసినవా డా సెక్షనులో గానరాడు. 2014లో నారంభమైన రాష్ట్రీయ గోకుల్ మిషను క్రింద చింతలదేవికి జాతీయ కామధేను కేంద్రము వచ్చుట మాకు సంతోషమే. ఆ ధనమునకును జాతివృద్ధియే ముఖ్యోద్దేశము.

గ్రామముల యుమ్మడి భూముల యాక్రమణలను దొలగింపవలసినదని 2011 జనవరిలో సుప్రీముకోర్టు తీర్పిచ్చినది. మన గ్రామముల డైగ్లాటులో మేతపోరంబోకు ఎన్ని యకరములని వ్రాయబడెనో, నేడు పశువు కాలుమోపుటకు నందెన్ని సెంట్లు మిగిలెనో, ఈ మహాసభకు విచ్చేసిన పెద్దలు తమతమ యూళ్లలో విచారించి, వచ్చు సంచికకు లెక్కలు పంపినచో గృతజ్ఞతతో బ్రకటింతుము. ఆక్రమణదారులలో మనవారి పేర్లున్నను సరే.