పెద్దవాగు ఒడ్డున మిల్లు, మిల్లు పక్కన ఊరు

కాగజ్‌నగర్ చరిత్ర రాయమంటే ఎవరైనా 1938 దగ్గరే కలం పెడతారు. నేను ఇంకో తొమ్మిదేళ్లు వెనక్కి పోతాను. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుదారి పూర్తయి ఢిల్లీ, మద్రాసు నేరుగా కలిశాయి. ఆ పట్టాల పక్కన కొత్తపేట అనే పల్లె ఉండేది. ఒకవైపు పెద్దవాగు, చుట్టూ ఎటు చూసినా వెదురు. అదే ఏడు నిజాం సర్కారు పరిశ్రమల కోసం ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ పెట్టింది. 1934లో వరంగల్లుకు అజంజాహీ బట్టల మిల్లు, 1937లో బోధన్‌కు చక్కెర ఫ్యాక్టరీ, 1938లో మనకు సిర్పూర్ పేపర్ మిల్స్. నీళ్లు, బొంగు, రైలు ఒక్కచోట దొరికినందుకే మిల్లు ఇక్కడికి వచ్చింది. మనవాళ్లు చెప్పుకునే మిగతా కథలన్నీ తర్వాత అల్లుకున్నవే. 1942లో మొదటి కాగితం బయటికి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది, దేశమంతా కాగితానికి కటకట. కొత్తపేట కాస్తా కాగజ్‌నగర్ అయింది.

మిల్లు పుట్టుక గురించి అచ్చయిన సంచికల్లో దొరకని మాట ఒకటి ఇక్కడే చెప్పాలి. ఇక్కడ పునాదులు తవ్వుతున్న ఆ నాలుగేళ్ల నడుమనే, 1940లో, కెరమెరి గుట్టల్లోని జోడేఘాట్‌లో కుమ్రం భీం, ఆయన వెంట ఉన్న గోండు వీరులు నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగారు. వాళ్లు కొట్లాడింది అడవి మీద హక్కు కోసం. అదే అడవిలోని వెదురు మన మిల్లు డైజెస్టర్లలో ఉడికింది. రెండూ ఒక్క సర్కారు ఏలుబడిలో, ఒక్క తాలూకా చుట్టుపక్కల జరిగిన ముచ్చట్లే. 2016 అక్టోబర్ 11న మన జిల్లాకు భీం పేరు పెట్టినప్పుడు ఊరంతా పటాకులు కాల్చుకున్నాం. మిల్లు చరిత్ర రాసే పేజీలో మాత్రం ఆ పేరుకు ఇంకా చోటు రాలేదు.

మొదటి తరంవాళ్లలో నేను ఎరిగినవారు కొద్దిమందే. అందులో ఒక పెద్దమేస్త్రీని మాత్రం మరిచిపోలేను. చిమ్నీ కట్టినప్పుడు ఇటుకలు మోసే పిలగాడిగా వచ్చి, చివరికి బాయిలర్ దగ్గర మేస్త్రీగా దిగిపోయినాయన. రిటైరయ్యాక పొద్దుగూకితే మా ఇంటి అరుగు మీదికి వచ్చేవాడు. తలకు రుమాలు, చేతిలో స్టీలు టిఫిను డబ్బా. నౌకరీ లేకున్నా డబ్బా వదల్లేదు, అందులో వక్కలు, సున్నం పెట్టుకునేవాడు. "బిడ్డా, మేము వాగుల ఇటుకలు తడిపెటోళ్లం. అవుతల ఒడ్డున పెద్దపులి నీళ్లు తాగేది. అది మా దిక్కు సూడకపోయేది, మేము దాని దిక్కు సూడకపోయేది" అనేవాడు. చిన్నప్పుడు అది కోతలనుకుని నవ్వేవాళ్లం. ఇప్పుడు తడోబా అడవి నుంచి పులులు మన కాగజ్‌నగర్ అడవుల్లోకి వచ్చి పిల్లలు పెడుతుంటే, ఆయన మాటల్లో పెద్దగా అతిశయం లేదేమో అనిపిస్తుంది. ఇంజనీర్లు, మేనేజర్ల పేర్లు గోడలకెక్కాయి. ఆయన పేరు హాజరు పట్టీలోనే ఉండిపోయింది.

బయటివాళ్లకు కాగజ్‌నగర్ అంటే ముందు తగిలేది వాసన. రైలు స్టేషన్‌లోకి రాకముందే ముక్కులు మూసుకునేవారు. వెదురును చిప్పర్ ముక్కలు చేస్తుంది, డైజెస్టర్‌లో కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ పోసి ఉడికిస్తారు. ఆ ఉడుకులో పుట్టే గంధకపు ఆవిర్లదే ఆ వాసనంతా. గుజ్జు నుంచి దిగిన నల్ల ద్రావణాన్ని చిక్కబరిచి బాయిలర్‌లో మండిస్తే ఆవిరీ వస్తుంది, వాడిన సోడా చాలావరకు తిరిగి చేతికొస్తుంది. గుజ్జును కడిగి, తెల్లబరిచి, మిషన్ మీదికి పంపితే తీగజాలి మీద నీరు జారిపోయి, వేడి డ్రమ్ముల మధ్య ఆరి, కాగితం చుట్టగా చుట్టుకుంటుంది. మన మిల్లుకు రంగు కాగితాల్లో దేశమంతా పేరుండేది. ఈ పనికంతటికీ నీళ్లిచ్చింది పెద్దవాగే, వాడిన నీళ్లను మోసిందీ ఆ వాగే. వాగుకు మనం బాకీ పడ్డామని నా గట్టి నమ్మకం.

ఫినిషింగ్ హౌస్‌లో కాగితాలు లెక్కపెట్టే తల్లుల పని చూస్తే కళ్లు తిరిగేవి. దొంతర మూలను ఎడమచేత్తో పట్టి ఒక మెలిక తిప్పితే అంచులు విసనకర్రలా విచ్చుకునేవి. కుడిచేతి వేళ్లు నాలుగేసి, ఐదేసి కాగితాలను దాటుకుంటూ పోయేవి. నోట్లో లెక్క, కళ్లు మచ్చలున్న కాగితం మీద. అయిదు వందలు కాగానే రీము పక్కకు. ఆ పనిలో మునివేళ్లు సన్నగా తెగి, ఇంట్లో కారం కలిపేటప్పుడు మండేవని మా మేనత్త చెప్పేది. ఊర్లో నాలుగు తరాల పిల్లలు రాసుకున్న నోటుబుక్కుల వెనుక ఆ వేళ్లున్నాయి.

1950లలో మిల్లు బిర్లాల చేతికి పోవడం, ఆ తర్వాత పోద్దార్లకు మారడం, కొత్త మిషన్లు రావడం, బొంగు తగ్గి సుబాబుల్, నీలగిరి కర్ర లారీల్లో దిగడం, జీతాల ఒప్పందాలు, బోనసు గొడవలు: ఓ నలభై ఏళ్లు ఇట్లాగే గడిచిపోయాయి. అంతా బాగుందనే అనుకున్నాం.

అయితే ఆ నలభై ఏళ్లలోనే సిర్‌సిల్క్ ఉంది. పేపర్ మిల్లు పక్కనే, 1946లో మొదలైన కృత్రిమ పట్టునూలు ఫ్యాక్టరీ. న్యాయశాస్త్రం చదివే పిల్లలకు ఆ పేరు మనకంటే బాగా తెలుసు. యాజమాన్యానికీ కార్మికులకూ తగాదా వచ్చి ట్రిబ్యునల్‌కు పోయింది. ట్రిబ్యునల్ తీర్పు సర్కారుకు చేరింది, ఇంకా ప్రకటించలేదు. ఈలోగా ఇద్దరూ కూర్చుని రాజీ పడ్డారు. తీర్పు ప్రకటించొద్దని కలిసి అడిగారు. చట్టం ప్రకారం ప్రకటించక తప్పదంది సర్కారు. విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది. తగాదానే తీరిపోయాక తీర్పు ప్రకటించి చేసేదేముందని 1963లో కోర్టు అంది. పరిశ్రమలో శాంతి ముఖ్యమన్న ఆ తీర్పు ఇప్పటికీ కార్మిక చట్టాల పాఠ్యపుస్తకాల్లో ఉంది. 1980లలో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. కార్మికుల బకాయిలు కోర్టులు, లిక్విడేటర్ల నడుమ ఏళ్లూ పూళ్లూ నలిగాయి. ఎన్నడో ఒకనాడు ఇలాంటి సంచికకే నేను ఈ సంగతి ఒక పేరా రాసిచ్చాను. అచ్చులో ఆ పేరా లేదు. జాగ చాలలేదన్నారు. ఆ జాగలో ఒక కంట్రాక్టరుగారి శుభాకాంక్షల ప్రకటన వచ్చింది, ఫొటోతో సహా. ఈసారి సంచిక కమిటీవాళ్లు మంచివాళ్లు, ఉంచుతారనుకుంటున్నాను.

మిల్లు తెచ్చిన మనుషులే ఊరి సంపద. క్వార్టర్లలో ఒక వరుస తిరిగితే తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ నాలుగూ వినబడేవి. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలకు సర్కారు ఈస్గాం, నజ్రుల్‌నగర్ వైపు భూములిచ్చింది. సంతలో వాళ్లు తెచ్చే చేపలు, కూరగాయలతో మన పొయ్యిల మీద రుచులు కూడా మారాయి. దసరా వస్తే ఒక వాడలో బతుకమ్మ, ఇంకో దిక్కు దుర్గాపూజ ఢాక్ చప్పుడు. శివరాత్రికి ఈస్గాం మల్లన్న జాతర. గణపతి పందిళ్లకు మాత్రం తోరణాలు బజార్లో కొనేవాళ్లం కాదు. రంగు కాగితాల అంచు ముక్కలు ఎవరో ఒక నాయన డ్యూటీ నుంచి తెచ్చేవాడు. గేటు దగ్గర ఎట్లా దాటించేవారో నేను రాయను, వాచ్‌మన్‌లూ మన వాడకట్టువాళ్లే. చుట్టుపక్కల సిర్పూర్, కౌటాల, బెజ్జూరు, దహెగాం రైతులకు అంగడి మన ఊరే. పత్తి అమ్మినవాడు బట్టలు కొనేది ఇక్కడే, పిల్లల్ని చదివించేదీ ఇక్కడే.

ఇక 2014. జూన్ 2న తెలంగాణ వచ్చింది. సకలజనుల సమ్మెలో, రైల్‌రోకోల్లో పట్టాల మీద కూర్చున్న కార్మికులు ఆ రాత్రి మిఠాయిలు పంచారు. నాలుగు నెలలు తిరగకముందే, సెప్టెంబర్‌లో మిల్లు ఆగిపోయింది. మొదట రిపేరు అన్నారు, తర్వాత ముడిసరుకు అన్నారు, దసరా పోయింది, దీపావళి పోయింది. సంక్రాంతికి అందరికీ అర్థమైంది.

నేను చూసినంతలో ముందుగా మారింది కిరాణం దుకాణాల ఉద్దెర పుస్తకం. మా వీధి చివరి దుకాణదారు ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ పెట్టుకునేవాడు. మిల్లు నడిచినప్పుడు జీతాల మర్నాడు ఆ పేజీ మీద అడ్డగీత పడేది. ఆ ఏడు గీతలు ఆగిపోయి, పేజీలు మాత్రం తిరుగుతూ పోయాయి. ఎవర్నీ అడగలేదాయన. "అడిగితే ఏమిస్తరు సారూ, వాళ్ల ఇజ్జత్ పోతది, నా గిరాకీ పోతది" అన్నాడు. మిషన్ పని వచ్చినవాళ్లు బల్లార్పూర్‌కో, భద్రాచలం దగ్గరి సారపాకకో, రాజమండ్రికో పోయారు. పని వచ్చినా వయసు మళ్లినవాళ్లు పట్నంలో అపార్ట్‌మెంట్ల ముందు కాపలా కూర్చున్నారు. కొందరు పొద్దున రైలెక్కి మంచిర్యాల వైపు కూలికి పోయి రాత్రికి వచ్చేవారు. ఆడవాళ్లు కుట్టుమిషన్లు పట్టారు. ఇంగ్లీషు మీడియం పిల్లలు సర్కారు బడికి మారారు. కుదిరిన సంబంధాలు వాయిదాపడ్డాయి. నాలుగేళ్లు గేటు ముందు టెంటు, దీక్షలు, వినతిపత్రాలు. మళ్లీ మిల్లు సైరన్ వినకుండానే కన్నుమూసినవాళ్లూ ఉన్నారు.

చివరికి బ్యాంకుల బాకీల కేసు కంపెనీ లా ట్రిబ్యునల్‌కు చేరి, రాష్ట్ర సర్కారు రాయితీలిచ్చి, 2018 ఆగస్టులో మిల్లు జేకే పేపర్ చేతికి వచ్చింది. ఇప్పుడు ఏడాదికి లక్ష టన్నులు దాటి కాగితం తీసే సత్తా ఉంది. నిజాం కాలపు ఆ వరుసలో అజంజాహీ స్థలాలు అమ్ముడుపోయాయి, బోధన్ చక్కెర 2015లో ఆగింది, మళ్లీ తిరిగింది మన మిల్లు ఒక్కటే. ఇది చిన్న సంగతి కాదు, దీనికి పాటుపడ్డ ప్రతి ఒక్కరికీ దండం పెట్టాలి. పెడుతున్నాను. కానీ పాత సర్వీసు లెక్క, కొత్త షరతులు, స్థానికులకు నౌకరీలు, ఈ మూడింటి మీద చాయ్ హోటళ్లలో వాదులాట ఇంకా ఆగలేదు. నాన్న చేసిన నౌకరీ కొడుక్కు వస్తుందన్న భరోసా మాత్రం మా తరంతోనే పోయింది.

ఈ సంచికకు, ఊరి పనులకు చేయూతనిచ్చినవారిని తలుచుకోవడం విధి. చందాలిచ్చిన జిన్నింగ్ మిల్లుల యజమానులు, రైస్ మిల్లులవాళ్లు, వస్త్ర వ్యాపారులు, మెడికల్ దుకాణాలు, ఆటో యూనియన్, పెళ్లిళ్లకు పందిరి సామాన్లు ఉచితంగా ఇచ్చే మిత్రులు, గుడి, మసీదు, చర్చి కమిటీల పెద్దలు, దూరదేశాల్లో ఉండి డబ్బు పంపిన మన పిల్లలు: వీళ్ల పేర్లు తర్వాతి పేజీల్లో వరుసగా ఉన్నాయి. ఎక్కడైనా ఇంటిపేరు తప్పు పడితే కమిటీని అడగండి, నన్ను కాదు. ఆ పట్టికలో ఎక్కనివాళ్లను నేను ఇక్కడ రాస్తున్నాను. కూపుల్లో బొంగు నరికిన గోండు, కోలాం కూలీలు, వ్యాగన్ల నుంచి కర్ర దించిన హమాలీలు, ఫినిషింగ్ హౌస్ తల్లులు, బాయిలర్ బూడిద ఎత్తినవాళ్లు, వర్కర్లని ఏనాడూ పిలిపించుకోని కాంట్రాక్టు మనుషులు, గేటు ముందు టెంటులో వంటలు వండినవాళ్లు, ఉద్దెరిచ్చిన దుకాణదార్లు.

ఇంకొక్క విన్నపం. సిర్‌సిల్క్‌లో పనిచేసినవారి పాత గుర్తింపు కార్డులు, పే స్లిప్పులు, యూనియన్ రసీదులు ఎవరి ఇంట్లోనైనా ట్రంకుపెట్టెల్లో ఉంటే పారేయకండి. నాకు పంపండి, ఫొటో తీసుకుని తిరిగి ఇచ్చేస్తాను. వచ్చే సంచికలో నాలుగు పేజీలు అడిగిపెట్టాను. కమిటీ సరేనంది, ఇంకా కాగితం మీద రాసివ్వలేదు.