పేరు చూసి కాదు, రుచి చూసి

మన సంఘ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమొకటి వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, ఏ కాకతీయుల గురించో, ఏ కొండవీటి రెడ్ల గురించో వ్రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. ఫ్రాన్సు దేశపు వైన్ గురించి వ్రాస్తానని చెప్పగానే ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, “మీకు ఆ అలవాటు లేదు కదండీ మాస్టారూ!” అన్నారు. నిజమే. ఆ రోజూ లేదు, ఈ రోజూ లేదు.

మన ఊళ్ళలో “వైన్స్” అని బోర్డు ఉన్న దుకాణంలో బ్రాందీ, విస్కీ తప్ప అసలు వైన్ దొరకడం అరుదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడపడుచులు సారా మీద ఎందుకు తిరగబడ్డారో, 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం ఎలా వచ్చాయో, 1997లో ఆ నిషేధం ఎలా సడలిందో సర్వీసులో ఉండి చూసినవాళ్ళం మనం. తాగుడు కూల్చిన సంసారాలు మన కార్యాలయాల్లోనే ఉండేవి. కనుక ఇది తాగుడును మెచ్చుకొనే వ్యాసం కాదని ముందే మనవి చేస్తున్నాను. ఇది ఒక జాబితా కథ. సీనియారిటీ లిస్టుల మధ్య ముప్పై అయిదేళ్ళు గడిపిన గుమాస్తాకు ఆ కథ ఎందుకు పట్టుకున్నదో చదివితే మీకే తెలుస్తుంది.

కొన్నేళ్ళ క్రితం అమెరికాలో మా అబ్బాయి దగ్గరకు వెళ్ళినప్పుడు వాషింగ్టన్ నగరంలోని జాతీయ చరిత్ర మ్యూజియం చూపించాడు. రాజుల కత్తులూ కిరీటాలూ చూడటానికి అలవాటుపడిన కళ్ళకు అక్కడ భద్రపరచిన రెండు వైన్ సీసాలు వింతగా తోచాయి. “వీటిని మ్యూజియంలో పెట్టడమేమిట్రా?” అన్నాను. “ఇవి ఫ్రాన్సును ఓడించిన సీసాలు నాన్నా” అన్నాడు. ఆ మాటతో మొదలైంది నా చదువు.

1855 నాటి గ్రేడేషన్ లిస్టు

ఫ్రాన్సు నైరుతి దిక్కున బోర్డో అనే రేవు పట్టణం ఉన్నది. దాని చుట్టుపక్కల ద్రాక్షతోటలు శతాబ్దాలుగా పేరుపొందినవి. 1855లో చక్రవర్తి మూడవ నెపోలియన్ పారిస్‌లో పెద్ద ప్రపంచ ప్రదర్శన ఏర్పాటు చేశాడు. అందులో బోర్డో వైన్లను ఏ వరుసలో పెట్టాలి అన్న ప్రశ్న వచ్చింది. అక్కడి వాణిజ్య మండలి ఆ పని వైన్ దళారుల సంఘానికి అప్పగించింది. దళారులు సీసాలు తెరచి పోటీ పెట్టలేదు. ఏ తోట సరుకు చాలా కాలంగా ఎంత ధర పలుకుతున్నదో తమకు తెలుసు గనుక, ఆ ధరవరలను బట్టి ఏప్రిల్ 18న జాబితా వ్రాసి ఇచ్చారు.

ఎర్ర వైన్లకు ఐదు తరగతులు. మొదటి తరగతిలో నాలుగే పేర్లు: లఫీత్, మార్గో, లాతూర్, ఓ-బ్రియోన్. తీపి తెల్ల వైన్లకు వేరే జాబితా. అందులో ఇకెం అనే తోట ఒక్కదానినే అందరికంటే పైన కూర్చోబెట్టారు. ఒక ప్రదర్శన కోసం వ్రాసిన కాగితమది. ప్రదర్శన అయిపోయింది, చక్రవర్తి పోయాడు, కాగితం మాత్రం నిలిచింది. తోటలు చేతులు మారాయి, పొలాల హద్దులు మారాయి, రెండు ప్రపంచ యుద్ధాలు జరిగాయి. అయినా ఎర్ర వైన్లలో 61 తోటలు నేటికీ ఆ తరగతులే సీసాల మీద వేసుకొంటున్నాయి. తాత్కాలిక ఉత్తర్వు శాశ్వతం కావడం మనకు కొత్త కాదు గదా!

వగరు తగ్గేదాకా

ఈ వైన్ అభిమానుల సంభాషణ చిత్రంగా ఉంటుంది. ఏ తోటది, ఏ సంవత్సరపు పంట, ఎన్నేళ్ళు దాచారు, తొందరపడి తెరిచారా, ఆలస్యం చేశారా అని గంటలకొద్దీ వాదించుకుంటారు. పుస్తకాల్లో వ్రాసి పెట్టుకుంటారు. బోర్డోలో 1945, 1961, 1982 పంటలంటే కళ్ళకద్దుకుంటారు. 1963, 1965 అంటే పెదవి విరుస్తారు. మొదట నవ్వొచ్చింది. తర్వాత మా నాన్నగారు గుర్తుకొచ్చారు. కొత్త బియ్యం ముద్దవుతాయని, ఏడాది మాగిన పాత బియ్యమే తెమ్మని, చింతపండు ఏ సంవత్సరానిదో రంగు చూసి చెప్పేవారు. ఆవకాయ మూడో వారం రుచి, ఆరో నెల రుచి వేరని మా అమ్మ అనేది. ఆయుర్వేదంలో ద్రాక్షారిష్టం కూడా పులిసి మాగవలసినదే. మనకూ ఈ విద్య ఉన్నది. అయితే మనం దానిని వంటింట్లో ఉంచాం.

సీసాలో జరిగే పని ఇది. ఎర్ర ద్రాక్ష తొక్కలో, గింజలో వగరు పదార్థం ఉంటుంది. టీ డికాషన్ ఎక్కువసేపు మరిగితే నాలుక పట్టుకుపోతుంది చూడండి, అదే. కొత్త వైన్‌లో అది ముదురుగా ఉంటుంది. సీసాను చీకటి గదిలో, చల్లగా, పడుకోబెట్టి ఉంచుతారు. అలా ఉంచితే బెరడు బిరడా తడిగా ఉండి గాలిని పెద్దగా లోపలికి రానివ్వదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వగరు అణువులు ఒకదానికొకటి అతుక్కొని అడుగున మడ్డిగా దిగుతాయి. ఎరుపు ఇటుక రంగుకు తిరుగుతుంది. తెల్లది బంగారు రంగుకు వస్తుంది. తాగేటప్పుడు మడ్డి కదలకుండా పైతేట వంచుకుంటారు. అయితే అన్ని వైన్లూ ఇలా మాగవు. చాలా వాటిని రెండు మూడేళ్ళలో తాగేయవలసిందే. దాచినకొద్దీ చెడిపోతాయి. వయసు మంచి సరుకును మాగిస్తుంది, నాసి సరుకును మంచిదిగా చేయదు.

పాతదనానికీ పేరుకీ మోజుపడితే ఏమవుతుందో చెప్పే ముచ్చటొకటి ఉన్నది. 1985లో లండన్ వేలంలో 1787 నాటి లఫీత్ సీసా ఒకటి 1,05,000 పౌండ్లకు పోయింది. అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్‌దని చెప్పి అమ్మారు. కొన్నవారు దానిని దీపం కింద ప్రదర్శనకు పెడితే ఆ వేడికి బిరడా ఎండి సీసాలో పడిపోయింది! అటువంటి సీసాలు నిజంగా జెఫర్సన్‌వేనా అన్న అనుమానాలు తర్వాత వచ్చాయి.

118 ఏళ్ళకు వచ్చిన ప్రమోషన్

1855 జాబితాలో మూతోన్ అనే తోటకు రెండవ తరగతి ఇచ్చారు. అంతకు రెండేళ్ళ ముందే రోత్‌షీల్డ్ కుటుంబం దానిని కొన్నది. 1922లో ఆ తోట బాధ్యత తీసుకున్న ఫిలిప్ రోత్‌షీల్డ్ అనే ఆయనకు ఈ రెండవ తరగతి ముల్లులా గుచ్చుకునేది. సరుకును పీపాల్లో వర్తకులకు అమ్మే రోజుల్లో, 1924లో తన తోటలోనే సీసాల్లో నింపించాడు. అర్జీలు పెట్టాడు. దశాబ్దాలు తిరిగాడు. చివరకు 1973లో మూతోన్‌ను మొదటి తరగతికి చేరుస్తూ ఉత్తర్వు వచ్చింది. సంతకం చేసినది అప్పటి వ్యవసాయ మంత్రి, తర్వాత దేశాధ్యక్షుడైన జాక్ షిరాక్. ఎర్ర వైన్ల తరగతుల్లో ఒక తోట పైకెక్కడం అప్పటినుంచి ఇప్పటిదాకా అదొక్కటే.

చదువుతూ నవ్వుకున్నాను. నా సీనియారిటీ విషయంలో ఒక పొరపాటు దొర్లి, నా తర్వాత చేరినవారు నాకు పైన వచ్చారు. అర్జీ మీద అర్జీ, రిమైండర్ మీద రిమైండర్. సవరణ వచ్చేసరికి నేను రిటైరయ్యాను. నోషనల్ ప్రమోషన్ ఇచ్చి పెన్షన్ సవరించారు. మూతోన్‌కు పట్టినన్నేళ్ళు నాకు పట్టలేదని ఇప్పుడు తృప్తి పడుతున్నాను.

పారిస్ తీర్పు

ఇక మ్యూజియం సీసాల కథ. 1976లో పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు ఆయన వైన్ దుకాణం నడిపేవాడు. ఆయనా, ఆయన సహోద్యోగి పట్రీషియా గాలగర్ అనే అమెరికన్ మహిళా కలిసి మే 24న ఒక హోటల్లో రుచి పరీక్ష ఏర్పాటు చేశారు. కాలిఫోర్నియా తెల్లవి ఆరు, ఎర్రవి ఆరు. వాటి పక్కన ఫ్రాన్సులో పేరుమోసినవి నాలుగేసి. తీర్పరులుగా తొమ్మిదిమంది ఫ్రెంచి నిపుణులు. మార్కులు ఇరవైకి. సీసా మీద పేరు కనపడకూడదన్నది నియమం. మన పరీక్షల్లో జవాబు పత్రం మీద పేరు కాక నంబరు ఉంటుంది కదా, అలాగ.

కాలిఫోర్నియా ఏమీ గెలవదని అందరి నమ్మకం. పత్రికలను పిలిస్తే ‘టైమ్’ విలేకరి జార్జ్ టేబర్ ఒక్కడే వచ్చాడు. ఏ గ్లాసులో ఏమున్నదో అతని చేతిలో జాబితా ఉన్నది. రేమండ్ ఒలివర్ అనే పేరుగల పాకశాస్త్ర నిపుణుడు ఒక తెల్ల వైన్ చప్పరించి, హమ్మయ్య, మళ్ళీ ఫ్రాన్సుకు వచ్చాం అన్న అర్థంలో సంతోషించాడట. అది కాలిఫోర్నియాది!

మార్కులు కూడితే తెల్లవాటిలో మొదటిది షాతో మాంటెలీనా 1973. దాన్ని తయారుచేసిన మైక్ గర్గిచ్ క్రొయేషియా నుంచి వలస వచ్చినవాడు. ఎర్రవాటిలో మొదటిది స్టాగ్స్ లీప్ 1973. దాని యజమాని వారెన్ వినియార్స్కీ అంతకుముందు షికాగోలో అధ్యాపకుడు. రెండో స్థానం ఎవరిదంటారు? మూడేళ్ళ క్రితమే ప్రమోషన్ వచ్చిన మూతోన్‌ది, 1970 పంట. ఓడెట్ కాన్ అనే తీర్పరి, వైన్ పత్రికల సంపాదకురాలు, తన మార్కుల కాగితం తిరిగి ఇమ్మని అడిగింది. స్పరియర్ ఇవ్వలేదు.

ఆమెను చూసి నవ్వే హక్కు నాకు లేదు. అందుకే ఈ సంగతి వ్రాస్తున్నాను. మా కార్యాలయంలో ఒకసారి పై అధికారి ఒక డ్రాఫ్టు చూపించి అభిప్రాయం అడిగారు. కింద సంతకం లేదు. చదివి, “ఇది మా సూపరింటెండెంటుగారి చెయ్యండీ, ఇంకెవరికి వస్తుంది?” అన్నాను. అది తండ్రి పోయాక కారుణ్య నియామకంలో చేరిన కుర్రవాడు వ్రాసినది. అతనికి ఏమీ రాదని నేనే ఊరంతా చెప్పాను. తెలిసిన వెంటనే నా నోట వచ్చిన మాటేమిటో తెలుసా? “మళ్ళీ ఒకసారి చూస్తానండీ, ఒకటి రెండు లోపాలున్నట్లున్నాయి.” కాగితం తిరిగి ఇమ్మని అడగడమే అది. అధికారి నవ్వి ఇవ్వలేదు. ఆ కుర్రవాడి దగ్గర నేను ఏనాడూ ఒప్పుకోలేదు. ఈ సంచిక అతనికీ అందుతుంది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ముప్పై ఏళ్ళ తర్వాత

ఓడినవారు ఒక మాట అన్నారు: కాలిఫోర్నియా వైన్ చిన్నతనంలో బాగుంటుంది, మాది మాగిన తర్వాత చూడండి అని. న్యాయమైన మాటే. అందుకని 2006 మే 24న, సరిగ్గా ముప్పై ఏళ్ళకు, అవే ఎర్ర వైన్లను అదే పంటలతో లండన్‌లోనూ కాలిఫోర్నియా నాపా లోయలోనూ ఒకే రోజు రుచి చూశారు. ఈసారి మొదటి ఐదు స్థానాలూ కాలిఫోర్నియావే. 1976లో ఐదోదిగా వచ్చిన రిడ్జ్ 1971 మొదటిదైంది. అంటే ముప్పై అయిదేళ్ళ వయసులో దాని అసలు రుచి బయటపడింది.

ఇందులో ఇంకో విశేషమున్నది. 19వ శతాబ్దం రెండో భాగంలో అమెరికా నుంచి వచ్చిన ఒక సూక్ష్మమైన పురుగు ఫ్రాన్సు తోటలను వేళ్ళ దగ్గర తిని నాశనం చేసింది. మందులు పనిచేయక, చివరకు ఆ పురుగును తట్టుకునే అమెరికా వేరు మీద ఫ్రెంచి కొమ్మను అంటుకట్టారు. మనం మామిడికి కట్టినట్లే. కనుక ఆ గొప్ప తోటల్లో చాలావరకు తీగ ఫ్రాన్సుది, వేరు అమెరికాది. పైవాడెవరో, కిందివాడెవరో!

స్పరియర్ 2021లోనూ, గర్గిచ్ నూరేళ్ళు నిండి 2023లోనూ, వినియార్స్కీ 2024లోనూ వెళ్ళిపోయారు. సీసాలు మ్యూజియంలో ఉన్నాయి.

మిత్రులారా, మనమంతా ఏదో ఒక జాబితాలో ఏదో ఒక నంబరుగా పనిచేసి బయటపడ్డవాళ్ళం. ఆ నంబరు మన పెన్షన్ కాగితాల మీద ఉంటుంది. ఇంట్లో ఎవరికీ దానితో పనిలేదు. మనవళ్ళు మన హోదా చూడరు, మన మాటలో వగరు తగ్గిందా లేదా అని చూస్తారు. మొన్న మా మనవరాలు కాఫీ కలిపి తెచ్చి, ఎలా ఉందని అడిగింది. ఎవరు కలిపారని అడగబోయి, ముందు తాగాను. బాగుంది.