‘వద్దు’ అంటే విన్న కెప్టెన్

ఢామ్మని ఒక చప్పుడు. ఆ వెంటనే అంతకంటే పెద్దది ఇంకోటి.

2010 నవంబరు 4. సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయం నుంచి సిడ్నీకి లేచిన క్వాంటాస్ 32 విమానం ఇండొనేసియాలోని బాతం దీవి మీదుంది. ఆ ఏ380లో 469 మంది. రెండో ఇంజిన్‌లో టర్బైన్ డిస్క్ బద్దలై, ముక్కలు ఎడమ రెక్కను చీల్చుకుంటూ పోయాయి.

కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పినీ ముందున్న తెర మీద హెచ్చరికలు ఎడతెగకుండా వస్తున్నాయి. ఒకటి సరిచూసేలోగా ఇంకోటి. మిగతా ఇంజిన్లూ ఆగిపోతే గాల్లో తేలుతూ దిగేందుకు ఎత్తు కావాలి. పదివేల అడుగులకు ఎక్కిద్దామన్నారాయన. కాక్‌పిట్‌లో ఉన్న మిగతా పైలట్లు వద్దన్నారు. ఆయన ఆగిపోయారు.

నాకు ఈ గాథలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ క్షణమే. బెదిరిన మనసు మొదట తట్టిన ఆలోచననే పట్టుకు వేలాడుతుంది. అధికారం చేతిలో ఉన్నవాడికి దాన్ని వదలడం మరీ కష్టం. అన్ని ప్రాణాల భారం మోస్తూ కూడా ఆయన చెవులు మూసుకోలేదు.

చెక్‌లిస్టులతోనే దాదాపు యాభై నిమిషాలు గడిచాయి. పాడైనవాటి జాబితా తలకు మించిపోతోంది. అప్పుడాయన ప్రశ్నను తిరగేశారు: ఇంకా ఏమేం పనిచేస్తున్నాయి? అంత పెద్ద విమానాన్నీ మనసులో చిన్న సెస్నా విమానంగా ఊహించుకున్నారు. మిగిలినవాటితో దింపితే చాలు.

తిరిగి చాంగీలోనే దిగేటప్పటికి విమానం బరువు పరిమితి దాటి ఉంది. నాలుగు కిలోమీటర్ల రన్‌వేలో ఇంకా 150 మీటర్లుందనగా విమానం ఆగింది.

గండం మాత్రం గడవలేదు. బ్రేకులు 900 డిగ్రీల దగ్గర కాలిపోతున్నాయి, పక్కనే ఇంధనం కారుతోంది, ఒకటో ఇంజిన్ ఎంతకీ ఆగడం లేదు. స్లైడ్ల మీదుగా జనాన్ని దూకించేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. దూకితే కాళ్లూ చేతులూ విరగొచ్చు, కింద ఇంధనం, తిరుగుతున్న ఇంజిన్. లోపలే ఉంచడం మేలని సిబ్బంది తేల్చుకున్నారు. చేతులు కట్టుకుని కూర్చోవడానికి ఎంత గుండె నిబ్బరం కావాలి! అగ్నిమాపక దళం నురుగు చల్లాక, మెట్లు తెచ్చి, అందరినీ ఒక్కొక్కరుగా దించారు. ఎవరికీ గాయం కాలేదు.

ఆ తర్వాత డి క్రెస్పినీ టెర్మినల్‌లో ప్రయాణికుల దగ్గరికి వెళ్లి, జరిగిందంతా వివరించి, తన సొంత మొబైల్ నంబరు ఇచ్చారు.