అర్ధరాత్రి తిండికి అనుమతి

ఇంగ్లండులో పండుగ రాత్రుల్లో టేక్‌అవే దుకాణాలు పొద్దుపోయేదాకా తెరుస్తామంటే పోలీసులు కలవరపడటం ఈనాటి మాట కాదు. రాత్రివేళ ఫలహారాలమ్మే దుకాణాలకు లైసెన్సు ఉండాలని 1860లోనే చట్టం చేశారు. 1969లో మరొకటి వచ్చింది. 2003 నాటి లైసెన్సింగ్ చట్టం 2005 నవంబరులో అమలయ్యాక, రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 దాకా వేడి ఆహారం, వేడి పానీయాలు అమ్మాలంటే అనుమతి తప్పనిసరైంది. నేరాలు, అల్లర్లను అరికట్టడం ఆ చట్టం లక్ష్యాల్లో ఒకటి.

పోలీసుల భయం నిరాధారం కాదు. కొత్త సంవత్సరం రాత్రి తాగినవారంతా ఒకే కౌంటరు ముందు చేరితే మాటామాటా పెరగవచ్చు. అయితే దుకాణం మూసినంత మాత్రాన ఆకలీ, జనమూ మాయం కావు. తెరిచి ఉంచితే జనం ఇళ్లకు కదలరన్న అభ్యంతరానికి జవాబు చట్టంలోనే ఉంది: కాపలాదారులు, సీసీ కెమెరాలు, మూసే వేళ వంటి షరతులు విధించవచ్చు. తాత్కాలిక అనుమతికి నోటీసు అందితే పోలీసులు 3 పనిదినాల్లో అభ్యంతరం చెప్పవచ్చు. మామూలు గడువులో ఇచ్చిన నోటీసైతే స్థానిక కౌన్సిల్ విచారించి తేలుస్తుంది. ఆ విచారణలో వీధిలో నిజంగా జరిగిన ఘటనలే ప్రమాణం కావాలి. ఒట్టి అనుమానంతో ఎవరి జీవనోపాధినీ ఆపకూడదు.