వేదిక మీదికి నటరాజు ఎప్పుడొచ్చాడు?

శివరాత్రికి క్షీరారామం గోపురానికి దీపాలు కడితే తొమ్మిది అంతస్తులూ పాలకొల్లు పొలిమేర దాకా కనిపిస్తాయి. 120 అడుగుల గోపురం. దాని దాపున వేసిన వేదిక వెనక, టార్పాలిన్ కట్టిన గదిలో, సాయంత్రం నాలుగింటి నుంచీ మేకప్ వేసుకుని కూర్చున్నాం. మా ఐటం రాత్రి పదిన్నరకి. నాట్యం నేర్చుకునే పిల్లలకి ఉత్సవమంటే ముందుగా తెలిసేది ఈ ఎదురుచూపే. పాపిటబిళ్ల లాగి కట్టిన చోట నుదురు సలుపుతుంది. సవరానికి పెట్టిన పిన్నులు గుచ్చుకుంటాయి. పెదవుల రంగు పోతుందని మంచినీళ్లు కూడా స్ట్రా వేసుకుని తాగుతాం.

మాలో అందరికన్నా చిన్నది, మూడో తరగతి పిల్ల, తెర పక్కనుంచి వేదికని తొంగి చూసొచ్చి నన్ను అడిగింది: "అక్కా, దేవుడు గుళ్లోనే ఉన్నాడు కదా! మళ్లీ ఇక్కడ ఇంకో దేవుణ్ణి ఎందుకు పెట్టారు?"

వేదికకి ఒక మూల, పూలదండ వేసి, కుంది వెలిగించి పెట్టిన నటరాజ విగ్రహం గురించి అడుగుతోంది. ఎనిమిదేళ్లుగా ఆ విగ్రహానికి దణ్ణం పెట్టి ఆడుతున్నాను. ఈ అనుమానం నాకు ఒక్కసారీ రాలేదు. దీనికి జవాబు కోసం తర్వాత చాలా చదివాను, పెద్దవాళ్లని అడిగాను. మన నాట్యోత్సవాల పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆ ఒక్క ప్రశ్నలోనే ఉన్నాయని అప్పుడు తెలిసింది.

మొదటి కథ నాట్యశాస్త్రంలో ఉంది. భరతుడు తన నూరుగురు కొడుకులకీ నాట్యం నేర్పి, తొలి ప్రదర్శన ఎప్పుడు ఇవ్వాలని బ్రహ్మని అడిగితే, ఇంద్రధ్వజ మహోత్సవం వస్తోంది, అందులో ఆడించమన్నాడట. ఆడారు. ఇతివృత్తం దేవతల చేతిలో అసురుల ఓటమి కాబట్టి అసురులకి కోపం వచ్చింది. నటుల మాటనీ, కదలికనీ, జ్ఞాపకాన్నీ స్తంభింపజేశారు. (వేదిక మీద ఒక్కసారైనా జతి మరిచిపోయినవాళ్లకి ఇది పురాణంలా అనిపించదు.) ఇంద్రుడు తన ధ్వజం పీకి, దానితోనే విఘ్నాలని చావగొట్టాడు. ఆ ధ్వజానికి జర్జరమని పేరొచ్చింది. ఆ తర్వాతే బ్రహ్మ విశ్వకర్మని పిలిచి నాట్యగృహం కట్టమన్నాడు. అంటే ఉత్సవం ముందు పుట్టింది, వేదిక తర్వాత వచ్చింది. కూచిపూడి భాగవతుల పూర్వరంగంలో నీళ్లు చల్లి, ధూపం వేసి, సూత్రధారుడు వంకర కర్ర పట్టుకుని వస్తాడు చూడండి, ఆ కుటిలకం వెనక ఉన్నది ఈ జ్ఞాపకమే.

పురాణం నుంచి రాళ్ల మీదికి వస్తే మన గోదావరి జిల్లాలే. తొమ్మిదో శతాబ్దం చివర రాజైన చాళుక్య భీముడి పేరు చెప్పకుండా పంచారామాల కథ చెప్పలేం. ద్రాక్షారామ శాసనాల్లో దేవుడి సేవలో ఉన్న సానుల ప్రస్తావనలు ఎన్నో. 'సానిమున్నూరు' అని వాళ్లకొక సంఘమే ఉండేది. స్వామిని అన్న మాట నోళ్లలో అరిగి సాని అయింది. గుడికి దానాలిచ్చిన సానులూ శాసనాల్లో కనిపిస్తారు. అంత మర్యాద గల మాట తర్వాతి కాలంలో తిట్టుగా మారడం తెలుగు భాషకి పట్టిన దురదృష్టాల్లో ఒకటని నేననుకుంటాను.

మనం పెళ్లిళ్ల గురించి అంగరంగ వైభవంగా జరిగిందంటాం కదా, ఆ మాట గుడిలోదే. దేవుడి విగ్రహానికి చేసే అభిషేకం, గంధం, అలంకారం అంగభోగం. ఆయన ఎదుట చేసే పాట, ఆట రంగభోగం. రెంటికీ విడివిడిగా మాన్యాలుండేవి. నాట్యం ఆనాడు ధూపదీపాలలాగా రోజువారీ సేవ. చూసేవాడు దేవుడు. ఆడే మనిషి ముఖం గర్భగుడి వైపు ఉండేది. భక్తులు పక్కనో వెనకనో నిలబడి చూసేవాళ్లు. దేవుడి ఎదుట ఆడుతున్నప్పుడు ఇంకో దేవుణ్ణి తెచ్చి పెట్టే అవసరం ఎవరికి వస్తుంది?

దివిసీమ వాడు, కాకతి గణపతిదేవుడి గజసేనాని జాయపసేనాని, 1253-54లో నృత్తరత్నావళి రాసేనాటికి మార్గమూ, తెలుగునాట ఆడుతున్న దేశి నృత్తాలూ పక్కపక్కన పెట్టి శాస్త్రం చెప్పగలిగేంత ఆట ఉంది ఇక్కడ. అక్కణ్ణుంచి కొన్ని వందల ఏళ్లు దాటి, మా తాతమ్మల కాలానికి వస్తాను. నా మనసు ఆగేది అక్కడే.

గోదావరి డెల్టాలో, ఆటపాటలే వృత్తిగా బతికిన కలావంతుల మేళం లేకుండా జమీందారు ఇంట పెళ్లి జరిగేది కాదు. దాన్ని మేజువాణి అనేవాళ్లు. అతిథి మర్యాదని చెప్పే ఉర్దూ మాట మేజ్బానీ నుంచి వచ్చింది. అత్తిలి దగ్గర బల్లిపాడు మదనగోపాలస్వామి గుడి, మండపేట, మురమండ, ముమ్మిడివరం, ఇలా ఊరూరా పేరున్న మేళాలుండేవి. గుడిలో కొలువు, రథోత్సవంలో ఆట, పెళ్లిలో మేజువాణి, మూడింటికీ వాళ్లే. భామాకలాపం ఆడేవాళ్లు, గొల్లకలాపం ఆడేవాళ్లు. పదాలు, జావళీలు, అధ్యాత్మ రామాయణ కీర్తనలు పట్టేవాళ్లు. ఆడే మనిషే పాడేది. మద్దెల, తిత్తి పట్టుకున్నవాళ్లు ఆమె వెనకే నిలబడి, ఆమె కదిలితే తామూ కదిలేవాళ్లు.

అన్నిటికంటే నన్ను కట్టిపడేసేది వాళ్లు కూర్చుని చేసిన అభినయం. క్షేత్రయ్య పదం ఎత్తుకుని, తివాచీ మీద కాలు మడిచి కూర్చుని, ఒక్క పల్లవి పట్టి మళ్లీ మళ్లీ పాడేది. పాడిన ప్రతిసారీ అర్థం మారేది. మాట అదే. ఒకసారి కోపం, ఒకసారి ఎత్తిపొడుపు, ఒకసారి తన మీద తనకే జాలి. చేయి కొద్దిగా లేస్తుంది, కనుబొమ కొద్దిగా కదులుతుంది, అంతే. మా టీచరుగారు ఒకసారి మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, కాళ్లు కదపకుండా ఒక పదానికి అభినయం చేయమన్నారు. రెండు నిమిషాలకి నా దగ్గర చెప్పడానికేమీ మిగల్లేదు. గెంతడం నేర్చుకున్నానే గానీ నిలవడం నేర్చుకోలేదని ఆ రోజు అర్థమైంది. వాళ్లు అలా రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోగలిగేవాళ్లు.

ఈ ఆట ఎలా పోయిందో అందరికీ కొంత తెలుసు. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు భోగం మేళాల మీద కత్తి కట్టారు. 1890ల్లో మేళాల బహిష్కరణ ఉద్యమం మద్రాసు ప్రెసిడెన్సీ అంతా పాకింది. 1929 చట్టంతో మాన్యాలకీ గుడి సేవకీ ముడి తెగింది. 1947లో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. చిన్నపిల్లల్ని గుడికి అంకితమిచ్చే ఆచారాన్ని ఆపడం న్యాయమే. ఆ మాట మనస్ఫూర్తిగా అంటాను. ఆచారంతో పాటు ఆటనీ ఇంట్లో పెట్టి తాళం వేయించడం మాత్రం అన్యాయం. గజ్జెలు పెట్టెలో పెట్టుకుని, తలుపులు వేసుకుని, తమవాళ్ల మధ్యనే పాడుకుంటూ ఆ పదాలని కాపాడిన ఆడవాళ్లు ఈ జిల్లాల్లో ఉన్నారు. నటరాజ రామకృష్ణగారు వాళ్ల గుమ్మాలు తొక్కి, అడిగి, నేర్చుకుని ఆంధ్రనాట్యమని పేరు పెట్టి మళ్లీ వేదికెక్కించారు. మద్దుల లక్ష్మీనారాయణమ్మగారి దగ్గర నేర్చుకున్న స్వప్నసుందరి దాన్నే విలాసినీ నాట్యంగా ఆడారు.

మేళాలు ఆడిన ఆ కాలంలోనే మన ఊళ్లకి ఇంకో ఆట వచ్చేది. కూచిపూడి భాగవతుల మేళం దిగిందంటే ఊరి మధ్య పందిరి, రాత్రంతా భామాకలాపం. ఇద్దరు మనుషులు అడ్డంగా తెర పట్టుకునేవాళ్లు. సత్యభామ ముందు తన జడ తెర మీంచి ఇవతలికి వేసేది. నన్ను గెలిచేవాడుంటే రమ్మని అది సవాలు. దివిటీల మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గుమని మంట లేచి, ఆ వెలుగులో పాత్ర ప్రవేశం. సత్యభామ వేషం కట్టింది మగవాడని తెలిసీ ఊరు మరిచిపోయేది. ఇక్కడ జనం మూడు వైపులా కూర్చునేవాళ్లు. ఆట ముఖం గుడి నుంచి వీధి వైపు తిరగడం ఇలా ఎప్పుడో మొదలైంది.

టికెట్టు కొన్న సభ వైపు తిరిగింది మాత్రం మద్రాసులో. 1931లో మ్యూజిక్ అకాడమీ వేదిక మీద తంజావూరు కల్యాణి కూతుళ్లు ఆడారు. 1935 చివర అడయారులో రుక్మిణీదేవి తొలి ప్రదర్శన ఇచ్చి, మరుసటి ఏడు కళాక్షేత్ర మొదలుపెట్టారు. వెనక నిలబడే వాద్యగాళ్లని పక్కన కూర్చోబెట్టడం, వేదిక మీద నటరాజ విగ్రహం నిలపడం ఆమె తెచ్చిన మార్పుల్లోవే. గుడి నుంచి హాలుకి వచ్చిన ఆటకి గుడి జ్ఞాపకంగా ఒక దేవుణ్ణి వెంట తెచ్చుకున్నారన్నమాట. ఆ దేవుడు నటరాజే కావడానికి చోళుల కంచు విగ్రహాలు ఒక కారణమైతే, 1918లో వచ్చిన ఆనంద కుమారస్వామి శివతాండవ వ్యాసాల పుస్తకం ఇంకో కారణం. అదే కుమారస్వామి అంతకు ముందు ఏడు అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు పక్కన కూర్చుని పనిచేసినవాడు మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, చీరాల-పేరాల ఉద్యమం నడిపిన ఆంధ్రరత్న. ఈ సంగతి చదివిన రోజున నాకు నిద్ర పట్టలేదు.

గోపురం పక్కన వేసిన వేదిక మీద కూడా నటరాజు ఎందుకున్నాడో ఇప్పుడు చెప్పగలను. మన వేదిక ఈ గుడి నుంచి నేరుగా రాలేదు. అడయారు చుట్టూ తిరిగి వచ్చింది.

కూచిపూడి ఆ హాలులోకి రావడానికి ఇంకా కష్టపడింది. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ నృత్య సదస్సు జరిగినప్పుడు దీన్ని శాస్త్రీయ నృత్యంగా ఒప్పుకోవడానికి పెద్దలు వెనకాడారు. మరుసటి ఏడు హైదరాబాదులో కూచిపూడి కోసమే సదస్సు పెట్టి జవాబు చెప్పారు. ఆ పట్టుదల వెనక ఉన్న బందా కనకలింగేశ్వరరావుగారు మా పక్కన ఏలూరు వకీలు, రంగస్థల నటుడు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు ఆడపిల్లలకి నేర్పారు. 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో అకాడమీ తెరిచారు. రాత్రంతా సాగే కలాపం నుంచి పది పదిహేను నిమిషాల అంశాలు విడివడ్డాయి. ఇత్తడి పళ్లెం మీద తరంగం ప్రతి ఉత్సవంలోనూ తప్పనిసరి అయింది. కొంత పోయిందని బాధ నాకూ ఉంది. అలా కుదించకపోతే మాలాంటి పిల్లల కాళ్లకి గజ్జెలు అందేవి కావన్నదీ నిజం.

ఆ పైన సినిమా వచ్చింది. 1983లో సాగరసంగమంలో, అఖిల భారత నృత్యోత్సవం ఆహ్వానపత్రికలో పేరున్న కళాకారుల ఫోటోలు తిప్పుతూ తిప్పుతూ కథానాయకుడు బాలు తన ఫోటో చూసుకునే ఘట్టం ఎంతమంది తెలుగు తల్లిదండ్రుల చేత పిల్లల్ని డాన్సు క్లాసులో చేర్పించిందో లెక్క కట్టలేం. మా అమ్మ ఒకతె. అటు దేశంలో ఖజురహో ఉత్సవం 1975లో, చిదంబరం నాట్యాంజలి 1981లో, కోణార్క్ 1989లో మొదలై, ఆట మళ్లీ గుడి ముంగిటికి చేరింది. నాట్యాంజలి మొదలయ్యేది కూడా శివరాత్రికే. 2010 డిసెంబరులో హైదరాబాదు గచ్చిబౌలి స్టేడియంలో 2,800 మందికి పైగా ఒక్కసారే హిందోళ తిల్లానా ఆడారు. ఆ వీడియో చూసినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది. అందులో ఒక్క కనుబొమ కూడా కనిపించదని వెంటనే గుర్తొస్తుంది.

ఇదంతా తెలుసుకున్నాక మరుసటి శివరాత్రికి మళ్లీ అదే వేదిక వెనక కూర్చున్నాను. పాప నాలుగో తరగతికి వచ్చింది. దాని కాళ్లకి పారాణి ఇంకా ఆరలేదు. గజ్జెలు కట్టడం నా వంతు. అభినయదర్పణంలో గజ్జెలు కంచువి కావాలని, నీలం దారంతో ఒక్కో దానికీ ముడి వేయాలని, కాలికి నూరు గానీ రెండు నూర్లు గానీ ఉండాలని చెప్పారు. మా పాపవి తోలు పట్టీకి కుట్టిన ఇత్తడివి, కాలికి యాభై. పట్టీ బిగిస్తుంటే, చీలమండ దగ్గర నిరుటి రాపిడికి కాయ కాసిన చోటు వేలికి తగిలింది.

"దేవుడెందుకున్నాడో తెలిసిందా అక్కా?" అంది. మరిచిపోలేదు.

తెలిసిందన్నాను. దానికి అర్థమయ్యేలా చెప్పాను: ముందు ఆయన ఎదుట ఆడేవాళ్లు, తర్వాత జనం ఎదుట ఆడడం మొదలుపెట్టి ఆయన్నీ రమ్మని పిలిచారు అని. "మరి ముందు ఆడినవాళ్లు ఎవరు?" అంది.

లేచి, మైకు దగ్గరున్నాయన చేతిలో చీటీ పెట్టాను. ఈ జిల్లాల్లో ఈ ఆటని కాపాడిన పెద్దలకి నమస్కారాలు అని పైన రాసి, కింద మూడు పేర్లు: బల్లిపాడు సరిదె మాణిక్యమ్మ, మండపేట అన్నాబత్తుల బులివెంకటరత్నమ్మ, మద్దుల లక్ష్మీనారాయణమ్మ. ఆయన కళ్లద్దాలు సవరించుకుని చీటీ అటూ ఇటూ తిప్పి, "వీళ్లు ఏ ఐటం చేస్తున్నారమ్మా?" అని అడిగారు. చెప్పాను. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, మైకు నోటి దగ్గరికి తీసుకున్నారు.

మూడు పేర్లూ గోపురానికి తగిలి వెనక్కి వినిపించాయి. పాప రెండో కాలు ముందుకి చాపింది.